ఓరుగల్లు సీమలో శివదీక్ష

శివదీక్ష అనగా గురువు చేతిమీదుగా శివభక్తుల సమూహంలోకి ప్రవేశించే సంస్కారము. దీక్ష పొందనివానిని వీరశైవ గ్రంథాలు 'భవి' అని, పొందినవానిని 'భక్తుడు' అని వ్యవహరిస్తాయి. భవి భక్తుడు కావడానికి ఎవరికి అర్హత ఉన్నది, అతనిని భగవంతుని వద్దకు ఎలా నడిపించాలి, వచ్చిన తరువాత అతని పూర్వపు కులం ఏమవుతుంది అనే ప్రశ్నలకు కాకతీయుల కాలంలో ఓరుగల్లు పరిసరాలలో వేర్వేరు సమాధానాలు లభించాయి. 11వ శతాబ్ది చివర కాలాముఖ శైవులు, 13వ శతాబ్దిలో గోళకీ మఠాచార్యులు, ఆ కాలానికే చెందిన పాల్కురికి సోమనాథుని రచనల ద్వారా వీరశైవులు ఈ సీమలో తమ తమ మార్గాలను స్థాపించారు. మొదటి రెండు మార్గాలు రాజాస్థానం గుండా సాగాయి. మూడవది మాత్రమే జనుల భాషను పట్టుకొని నడిచింది. అందుచేత ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించబడింది.

ప్రాంతము

హనుమకొండ జిల్లా కాజీపేట మండలంలోని మడికొండ, కాజీపేట దాటగానే హైదరాబాదు రహదారిపై తగిలే పెద్ద గ్రామం. ఇప్పుడిది వరంగల్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా, 'గంగిరెద్దు' కావ్యకర్త పల్లా దుర్గయ్య జన్మస్థలంగా సాహిత్యాభిమానులకు ఈ గ్రామం పరిచితమే. ఊరి ప్రక్కన ఉన్న మెట్టుగుట్టపై రామలింగేశ్వరస్వామి ఆలయం కలదు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు సహజంగా నిలిచిన ఎత్తైన బండరాళ్ళు ఈ గుట్టకు గుర్తు. మహాశివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది.

మడికొండకు పొరుగుననే ఉన్న కాజీపేటలో 19వ శతాబ్దికి చెందిన సూఫీ గురువు అఫ్జల్ బియాబానీ దర్గా ఉన్నది. కాకతీయుల తొలి చరిత్రకు ముఖ్యాధారమైన ఒక శిలాశాసనం కాజీపేట దర్గా శాసనం అన్న పేరుతోనే చరిత్రకారులకు తెలుసు. శివదీక్షను గురించి ఈ సీమలో లభించే తొలి సాక్ష్యాలలో ఇది ఒకటి కావడం, అది ఒక ముస్లిం పుణ్యక్షేత్రం పేరుతో ప్రసిద్ధం కావడం గమనించదగిన విషయం. ఉర్సు సమయంలో దర్గాకు వచ్చేవారిలో హిందువులు కూడా చాలామంది ఉంటారు. మతం మార్చుకొమ్మని వారిని ఎవరూ అడగరు. దీక్ష లేకుండానే బయటివాడిని చేరదీసే పద్ధతి అది.

రాజుకు దీక్ష

తొలి కాకతీయులు జైనాన్ని ఆదరించారని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. హనుమకొండలోని పద్మాక్షి గుట్టపై ఉన్న జైన శిల్పాలు, కాకతీయ మంత్రి బేతన భార్య మైలమ అక్కడ బసది నిర్మించినట్టు చెప్పే 1117 నాటి శాసనం ఆనాటి జైన ప్రాబల్యానికి నిదర్శనాలు.

ఇంతలో శ్రీశైలం నుండి కాలాముఖ శైవులు వచ్చారు. శ్రీశైల మల్లికార్జున శిలామఠానికి చెందిన రామేశ్వర పండితుడు రెండవ బేతరాజుకు గురువయ్యాడు. బేతరాజు వైజనపల్లి అనే గ్రామానికి శివపురమని పేరుపెట్టి గురువుకు దానమిచ్చిన సంగతి కాజీపేట దర్గా శాసనం వలన తెలుస్తున్నది. రాజు శిష్యుడైతే గ్రామం మఠానికి వస్తుంది, గ్రామం వస్తే ఆలయం వెలుస్తుంది, ఆలయం వెలిస్తే పరిచారకులు, రైతులు, వర్తకులు దాని చుట్టూ చేరతారు. కాలాముఖుల పద్ధతి ఇదే. సామాన్యుడు వచ్చి దీక్ష అడిగినట్టు ఈ శాసనంలో కనిపించదు.

అయితే ఈ మార్పు ఒక్కరోజులో జరిగినది కాదు, బలవంతంగా జరిగినట్టు కూడా తోచదు. రాజవంశంలో శైవగురువులు ప్రవేశించిన తరువాతనే పైన చెప్పిన మైలమ బసది వెలిసింది. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. అందులో శివుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురికీ చోటున్నది. రాజుల శైవం ఇతర దేవతలతో సర్దుకుపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు.

గోళకీ మఠము

గణపతిదేవ చక్రవర్తి కాలానికి రంగంలోకి వచ్చినవారు గోళకీ మఠపు శైవాచార్యులు. వారిలో ప్రముఖుడు గౌడదేశం నుండి వచ్చిన విశ్వేశ్వర శంభువు. ఇతడు గణపతిదేవునికి దీక్షాగురువు. 1261 నాటి మల్కాపురం శాసనం ఇతని కార్యక్రమాలను వివరంగా చెబుతుంది. శాసనం ఉన్న చోటు ఓరుగల్లుకు దూరంగా కృష్ణానది దక్షిణ తీరానిది. కాని దానం చేసినవారు ఓరుగల్లు పాలకులే. గణపతిదేవుడు ఇవ్వదలచిన మందడం గ్రామాన్ని ఆయన కుమార్తె రుద్రమదేవి గురువుకు ధారపోసింది. ఆ గ్రామ ఆదాయంతో ఆలయం, మఠం, విద్యార్థుల పోషణ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిపే ఏర్పాట్లు శాసనంలో ఉన్నాయి. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఆకలిగొన్న వారందరికీ అన్నం పెట్టాలన్న నియమం కూడా ఉన్నది.

750 ఏళ్ళకు పైబడిన ఒక రాతిమీద పురిటి ఆసుపత్రి ప్రస్తావన కనబడడం చదువరులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. అన్నం, వైద్యం, చదువు చూపి బయటివారిని ఆకర్షించడం తరువాతి కాలపు క్రైస్తవ మిషనరీలతోనే మొదలయిందని అనుకొనేవారు ఈ శాసనాన్ని ఒకసారి చూడాలి. అయినప్పటికీ గోళకీ మఠపు అన్నశాలలో భోజనం చేసిన చండాలుడు మఠాధిపతి కాగలడా అంటే, అందుకు ఈ వ్యవస్థలో అవకాశం కనబడదు. ఆకలి తీర్చడంలో భేదం లేదు. దీక్ష సంగతి వేరు.

పాల్కురికి సోమనాథుడు

వీరశైవానికి మూలపురుషుడు 12వ శతాబ్దిలో కల్యాణ కటకాన్ని ఏలిన బిజ్జలుని వద్ద మంత్రిగా ఉన్న బసవేశ్వరుడు. ఆయన బోధలు కన్నడ వచనాల రూపంలో వ్యాపించాయి. వాటి సారాన్ని తెలుగువారికి అందించినవాడు పాల్కురికి సోమనాథుడు. సోమనాథుని ఊరు పాలకుర్తి, ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్నది. కాలం విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు. 1160-1240 మధ్యవాడని కొందరు, 13వ శతాబ్ది చివర నుండి 14వ శతాబ్ది ఆరంభం వరకు జీవించాడని మరికొందరు వాదించారు. బసవపురాణము, పండితారాధ్య చరిత్ర, వృషాధిప శతకము, అనుభవసారము, చతుర్వేదసారము ఈయన రచనలలో ముఖ్యమైనవి.

బయటివారిని శివుని వద్దకు తీసుకురావాలంటే మొదట వారికి అర్థమయ్యే మాట కావాలని సోమనాథుడు గ్రహించాడు. సంస్కృత సమాసాలతో నిండిన గద్యపద్యాల కంటే జాను తెనుగు, ద్విపద ఛందస్సు అందరికీ సులభమని ఆయన అభిప్రాయం. సంస్కృతం రాక ఈ మార్గం పట్టాడనుకోవడం పొరపాటు. సంస్కృతంలో భాష్యం రాయగలిగిన పండితుడాయన. ద్విపద రెండేసి పాదాలుగా సాగుతుంది, పాడుకోవడానికి అనువైనది, అక్షరం రానివాడు కూడా విని గుర్తుంచుకోగలడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకొనే పాటల పేర్లు ఆయన గ్రంథాలలో వరుసగా కనిపిస్తాయి. తెలుగు జానపద వాఙ్మయాన్ని పరిశోధించేవారికి పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం నేటికీ ఒక గని.

దీనికి పండితుల నుండి ఎదురైన వ్యతిరేకతను తెలిపే కథ ఒకటి ఉన్నది. తరువాతి కాలంలో బసవపురాణాన్ని పద్యకావ్యంగా మలచిన పిడుపర్తి సోమనాథుడు దీనిని చెప్పాడు. ఓరుగల్లులో స్వయంభూ దేవుని ఆలయంలో భక్తులు గుమికూడి బసవపురాణం వింటూ ఉండగా ప్రతాపరుద్ర మహారాజు వచ్చి అదేమిటని అడిగాడట. ప్రక్కనున్న బ్రాహ్మణుడొకడు, అది పాల్కురికి సోముడనే పతితుడు ఈ మధ్యన ద్విపదలో కల్పించినది, దానికి ప్రామాణ్యం లేదు అనగా, రాజు పట్టించుకోకుండా వెళ్ళిపోయాడట. ఈ కథ చారిత్రకమా కాదా అన్నది అలా ఉంచితే, ద్విపద అంటే పండితులకు ఎంత చులకనో దీనివలన తెలుస్తుంది. ఆ చులకన చాలాకాలం కొనసాగింది. బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో 1926లో అచ్చయిన తరువాతనే ఆధునిక పాఠకులకు దాని విలువ తెలిసింది.

ముగ్ధభక్తుల కథలు

బసవపురాణంలో బసవేశ్వరుని చరిత్రతో పాటు అనేక భక్తుల కథలు అల్లుకొని ఉన్నాయి. వీటిలో ముగ్ధభక్తుల కథలకు ప్రత్యేక స్థానమున్నది. ముగ్ధులంటే శాస్త్రం తెలియని అమాయకులు.

గొడగూచి అనే బాలిక కథ వీటిలో ప్రసిద్ధం. తండ్రి పొరుగూరికి వెళ్తూ, రోజూ శివునికి పాలు సమర్పించమని కూతురికి చెబుతాడు. పాలు నైవేద్యం పెట్టి తిరిగి తెచ్చుకోవడం లోకంలోని ఆచారం. ఆ సంగతి పిల్లకు తెలియదు. దేవుడు నిజంగానే తాగుతాడని నమ్మి గిన్నె ముందుంచి కూర్చుంటుంది. లింగం తాగకపోయేసరికి తన వలన ఏదో తప్పు జరిగిందని, తండ్రి కోప్పడతాడని ఏడుస్తుంది. శివుడు పాలు తాగక తప్పలేదు. తండ్రి తిరిగివచ్చి ఈ మాట నమ్మడు. పిల్ల పాలు తానే తాగి అబద్ధమాడుతున్నదని కోపిస్తే, శివుడు ఆమెను లింగంలోకి తీసుకొంటాడు. రోజూ పూజచేసే తండ్రికి దొరకనిది పూజావిధానమే తెలియని పిల్లకు దొరికింది.

బెజ్జమహాదేవి అనే భక్తురాలు శివునికి తల్లి లేదే, ఉంటే ఇలా బూడిద పూసుకొని తిరగనిస్తుందా అని దుఃఖించి, తానే తల్లియై ఆయనకు తలంటి పోసి పాలు పడుతుంది. రుద్రపశుపతి శివుడు విషం మింగాడని పురాణంలో విని, అయ్యో ఏమవునో అని నీళ్ళలో దిగి ప్రాణత్యాగానికి సిద్ధపడతాడు. ముగ్ధసంగయ్య వేశ్య ఇంటికి వెళ్ళి, ఆమెను మహాభక్తురాలిగా భావించి, ఆమె అలంకారాలన్నిటిలోనూ భక్తి చిహ్నాలనే చూస్తాడు.

బడిలో అయినా, గుడిలో అయినా, కొత్తగా వచ్చినవాడిని మొదట బెదరగొట్టేది తనకేమీ తెలియదన్న భావన. ఈ కథలు ఆ బెదురు తీసేస్తాయి. తెలియనివాడే ముందు చేరుకొన్నాడని చెబితే, వినేవాడు తానూ వెళ్ళగలనని అనుకొంటాడు. సోమనాథుడు ఎన్నో సిద్ధాంత చర్చలు చేసినా, పల్లెజనం మనసులో నిలిచినవి ఈ కథలే.

మాదర చెన్నయ్య కథ మరొక రకానికి చెందినది. చోళరాజ్యంలో గుర్రాలకు గడ్డి కోసి తెచ్చే ఈ చర్మకారుడు రహస్యంగా శివపూజ చేసుకొంటూ, తాను తాగే అంబలిని శివునికి పెట్టేవాడు. రాజు రోజూ పంచభక్ష్యాలు నివేదించేవాడు. ఒకనాడు శివుడు రాజు పళ్ళెం ముట్టలేదు. అడిగితే చెన్నయ్య అంబలితో కడుపు నిండిందన్నాడు. రాజు అతనిని వెతుక్కుంటూ వెళ్ళి పాదాలమీద పడ్డాడు. మడివాలు మాచయ్య చాకలి, కిన్నర బ్రహ్మయ్య కిన్నెర వాయించే కళాకారుడు. కొత్తగా వచ్చిన భక్తునికి ఈ కథలు ఒక కొత్త వంశవృక్షాన్ని ఇచ్చాయి. బసవేశ్వరుడే తాను చెన్నయ్య ఇంటి బిడ్డనని చెప్పుకొన్నాడని వీరశైవ సంప్రదాయం. అటువంటప్పుడు శిష్యుడు తన తాతముత్తాతలను గురించి సిగ్గుపడనవసరం లేదు.

దీక్షా విధానము

దీక్షలో గురువు శిష్యుని శరీరానికి విభూతి పూసి, తలపై చేయి ఉంచి, చెవిలో పంచాక్షరీ మంత్రం ఉపదేశించి, చేతిలో ఇష్టలింగాన్ని ఉంచుతాడు. దీనిని మూడు భాగాలుగా వివరిస్తారు. గురువు హస్తస్పర్శతో జరిగేది వేధాదీక్ష, చెవిలో జరిగేది మంత్రదీక్ష, చేతిలో లింగాన్ని ఉంచడం క్రియాదీక్ష. నాటి నుండి ఆ లింగాన్ని భరిణెలో గాని వస్త్రంలో గాని కట్టి మరణించే వరకు శరీరంపై ధరించాలి. నిత్యపూజ అరచేతిలోనే.

దీని ప్రభావం చిన్నది కాదు. ఆనాటి ఆలయంలో గర్భగుడి వరకు ఎవరు వెళ్ళవచ్చు, మండపంలో ఎవరు ఆగాలి, ప్రాకారం బయట ఎవరు ఉండాలి అన్న నియమాలు ఉండేవి. దేవుడు మెడలోకి వచ్చిన తరువాత ఆ నియమాలకు పట్టు తప్పింది. పూజారి అవసరం కూడా పోయింది. స్త్రీలకు సైతం లింగధారణ, పూజాధికారం ఉన్నాయి. పురుడు, మైల, మరణాశౌచం వంటి సూతకాలు లింగధారికి వర్తించవు.

దీక్షతో పని పూర్తికాదు. గురువు, లింగము, జంగముడు, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము అనే ఎనిమిదింటిని అష్టావరణాలు అంటారు. ఇవి భక్తునికి కవచం వంటివి. భక్తుడు, మహేశుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అనే ఆరు మెట్లను షట్‌స్థలాలు అంటారు. గడప దాటి వచ్చినవాడు మొదటి మెట్టుమీదనే ఉన్నాడని, శివైక్యం చివరి మెట్టని దీని భావం. పండితారాధ్య చరిత్రలో మొదటి ప్రకరణానికి దీక్షా ప్రకరణమని పేరు పెట్టడం గమనార్హం.

పూర్వాశ్రయ నిరసనము

దీక్ష తరువాత భక్తుని పూర్వపు కులాన్ని అడగడం, ఎన్నడం మహాపాపమని వీరశైవుల నియమం. భక్తులతో భక్తులు కలిసి భుజించాలి, వియ్యమందాలి. పాదోదకం, ప్రసాదం స్వీకరించేటప్పుడు అది ఎవరి చేతిదని చూడరాదు. గోళకీ మఠం అన్నం పెట్టిన చోట ఆగింది. వీరశైవం ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. కల్యాణంలో వేర్వేరు కులాల భక్తుల మధ్య వివాహం జరిపించినందుకే బిజ్జలునికి శరణులతో వైరం ముదిరిందని కన్నడ సంప్రదాయం చెబుతుంది. బసవపురాణం చివరలో బిజ్జలుని హత్య ఉన్నది.

వీరశైవులలోనే అందరూ ఇంత దూరం రాలేదు. సోమనాథుడు ఎంతో గౌరవించి చరిత్ర రాసిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని భక్తిని మెచ్చినా బ్రాహ్మణ్యాన్ని విడువలేదు. ఆయన మార్గంలో నడిచిన ఆరాధ్యులు లింగంతో పాటు యజ్ఞోపవీతాన్ని కూడా ధరిస్తారు.

విమర్శ

ఈ మార్గానికి రెండవ పార్శ్వాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. లోపలికి వచ్చినవారి మధ్య భేదం లేదన్నవారు, బయట ఉన్నవారిపై కఠినంగా ఉన్నారు. భవితో మాట్లాడరాదు, భవి ఇంట తినరాదు, భవి చూసిన అన్నం శివునికి పనికిరాదు అనేంత వరకు నియమాలు వెళ్ళాయి. జైనులను ఓడించి వారి దేవాలయాలను ధ్వంసం చేసిన కథలు బసవపురాణంలో ఉత్సాహంగా చెప్పబడ్డాయి. పండితారాధ్య చరిత్రలోని వాద ప్రకరణంలో చందవోలు రాజసభలో పండితారాధ్యునికి ఒక బౌద్ధాచార్యునితో వాదం జరుగుతుంది. వాదం ముగిసినా వైరం ముగియదు. శిష్యులు ఆ బౌద్ధుని చంపుతారు, రాజు పండితారాధ్యుని కన్నులు తీయిస్తాడు. సత్యాన్వేషి అయిన ఒక జైనుడో బౌద్ధుడో ఈ కథలు విని శివుని వైపు ఆకర్షితుడవుతాడా, లేక భయపడతాడా అన్నది ఆలోచించవలసిన విషయం. గొడగూచి కథ రాసిన చేయే ఈ కథలనూ రాసింది. భక్తి ఆవేశం అని కొందరు విమర్శకులు దీనిని సమర్థించారు గాని, ఆ సమర్థన తృప్తికరంగా లేదు. కులం అడగవద్దన్న మార్గం మతం అడగడంలో మినహాయింపు ఇవ్వలేదు.

తరువాతి కాలము

కాలక్రమేణా లింగధారులు కూడా జన్మచేత నిర్ణయమయ్యే కులాలుగా ఏర్పడ్డారు. పుట్టిన బిడ్డకు లింగం కట్టడం ఆచారమైంది. బయటివానికి దీక్ష ఇచ్చి కలుపుకోవడం తగ్గింది. ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగి భక్తిని బోధించిన జంగముల పేరు కులం పేరుగా మారింది. వారి కథాగానమే జంగం కథగా, తరువాత బుర్రకథగా రూపొందింది. తెలంగాణ షెడ్యూల్డు కులాల జాబితాలో బేడ (బుడగ) జంగం అనే పేరు కనిపిస్తుంది. దైవానికి మారురూపంగా పూజలందుకోవలసిన జంగముని పేరు ఆ జాబితాకు ఎలా చేరిందన్నది ప్రత్యేకంగా పరిశోధించవలసిన అంశం.

సాహిత్యంలో మాత్రం ఈ మార్గం ఆగలేదు. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి అనువదించాడు. కన్నడ దేశపు మహాపురుషుని కథ తెలుగు నుండి తిరిగి కన్నడానికి చేరింది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోగైర్ చేసిన ఆంగ్లానువాదం అమెరికాలో వెలువడింది.

పాలకుర్తికి సమీపంలోని బమ్మెర పోతన మహాకవి స్వగ్రామమని ఈ ప్రాంతీయుల విశ్వాసం. శైవ కుటుంబంలో పుట్టి వీరభద్ర విజయం రాసిన ఆ కవి తరువాత విష్ణుకథ అయిన భాగవతాన్ని తెలుగు చేశాడు. పాలకుర్తి గుట్టమీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఇరువురూ కొలువై ఉన్నారు. అన్యదైవాన్ని అంగీకరించని సోమనాథుని ఊరిలో భక్తులు ఇద్దరినీ దర్శించుకొని గుట్ట దిగుతారు. మడికొండ మెట్టుగుట్టకు శివరాత్రినాడు ఎక్కే వేలాది జనంలో లింగధారులు బహు కొద్దిమంది.